భజనమందిరమునకు బేసుపెట్టె



నేటి ప్రసంగవిషయము విని కొందఱు పెద్దలు నవ్వుకొనవచ్చును. "బేసుపెట్టెయా! అది కుఱ్ఱవాండ్ర వేడుక గాని మనకేల?" అని యనవచ్చును. కాని గ్రామమున రామమందిరమునకో భజనసమాజమునకో మైకుసెట్టు కొనవలసి వచ్చినపుడు చందాల పట్టీ వ్రాయువారు, పైకము లెక్క చూచువారు, తుదకు బిల్లుమీద చేవ్రాలు చేయువారు పెద్దలే. కొన్న వస్తువు పనికిరానిదైనచో మాటపడువారును వారే. అట్లు మాటపడినవారిలో నేనొకడను. కావున ఈ విషయమున మాటాడుటకు నాకు కొంత యధికారము కలదని తలంచుచున్నాను.

మా యూరి రామమందిరము చిన్నది. లోపల నలువదిమంది కూర్చుండవచ్చును. పండుగలకు ముందఱి పందిరిక్రింద మఱి యిన్నూఱుమంది చేరుదురు. భజనసమాజమువారికి కఱ్ఱసాయముతో నిలుపు చిన్న స్పీకరుపెట్టెలు రెండుండెను. ఒక్కొక్క దానిలో 10 అంగుళముల గిన్నె. మైకులు నాలుగు, వానిని కలుపు మిక్సరు ఒకటి. హార్మోనియము, మృదంగము, తాళములు, నలుగురి గొంతులు. వీనికి ఆ పెట్టెలు పదేండ్లపాటు ఏ కొఱతయు లేకుండ పని చేసినవి. తరువాత మా కుఱ్ఱవాండ్రు డోలకును, ఎలక్ట్రానిక్ కీబోర్డును తెచ్చిరి. శ్రీరామనవమికి నెలదినములు ముందుగా వారు నాయొద్దకు వచ్చి, "తాతగారూ, మన పాటకు గోడలున్నవి గాని పునాది లేదు. సబ్ వూఫరు ఒకటి కొనవలెను" అనిరి. మాట సబబుగానే తోచినది. చందాలు పోగుచేసి పట్టణమునకు పోతిమి.

అంగడివాడు మమ్ము నాదరముతో కూర్చుండబెట్టి, 18 అంగుళముల గిన్నెగల యొక పెద్ద పెట్టెను చూపి, అందు సినిమాపాట నొకదానిని వినిపించెను. అంగడి తలుపులదరినవి. బల్లమీది గాజుగ్లాసు తనంతట తాను జరిగినది. "రెండువేల వాట్లు, అయ్యగారూ!" అనెను. మా గుండెలు కూడ అదరినవి. అదియే వస్తువుయొక్క గొప్పతనమని నమ్మితిమి. కొనితిమి. అది ఆటోలో పట్టలేదు. ట్రాలీ మాట్లాడి, నలుగురు మనుష్యులతో దింపించితిమి. నవమినాడు భజన ప్రారంభమైనంతనే ముందువరుసలోని వృద్ధులు లేచి వెనుకకు పోయిరి. పాటలో అక్షరము వినబడలేదు. డోలకుమీద దెబ్బ పడినపుడెల్ల దీపములు మినుకుమినుకు మనినవి. మందిరమునకు మూడవయింట మంచముపట్టి యున్న పెద్దమ్మగారొకరు మనుమని పంపి, "నా మంచము కదలుచున్నది, బాబూ, కొంచెము తగ్గించుడు" అని చెప్పించిరి. పండుగ కాగానే ఆ పెట్టెను చావడి మూలకు జరిపితిమి. నేటికిని దానిమీద స్వామివారి గొడుగు ఆనించబడి యున్నది.

పిమ్మట నేను సిగ్గుతో కొంత చదివి, తెలిసినవారి నడిగి, నేర్చుకొన్న సంగతులను మీకు మనవి చేయుచున్నాను.

ధ్వని యనగా గాలియందలి కంపనము. సెకనుకు ఎన్ని కంపనములో చెప్పు లెక్కకు హెర్ట్జు అని పేరు. ఆరోగ్యవంతుడగు యువకుని చెవికి సుమారు 20 మొదలు 20,000 హెర్ట్జుల వఱకు వినబడును. పురుషుడు మాటాడునపుడు గొంతుయొక్క మూలస్వరము సామాన్యముగా 100 మొదలు 150 హెర్ట్జుల ప్రాంతమున నుండును. కాని మాటకు స్పష్టత నిచ్చు హల్లులు, స, చ, త వంటివి, 2,000 హెర్ట్జులకు పైనే మెఱయును. సబ్ వూఫరు పని యంతయు సుమారు 40కిని 100కును నడుమనే. అనగా పాటలోని అర్థమునకు అది యేమియు చేర్చదు. ఈ యొక్క సంగతి ముందుగా నెఱిగియుండిన, మేము అంగడిలో గ్లాసు జరుగుట చూచి మోసపోయి యుండెడివారము కాము.

మంద్రధ్వనికి పెద్ద పెట్టె యేల? గాలిలో శబ్దము సెకనుకు సుమారు 345 మీటర్లు పోవును. కావున 40 హెర్ట్జుల యల యొకటి దాదాపు ఎనిమిదిన్నర మీటర్ల పొడవుండును. మా మందిరముకంటె పెద్దది. 3,000 హెర్ట్జుల యల జానెడైనను ఉండదు. చిన్న విసనకఱ్ఱతో ముఖమునకు గాలి విసరుకొనవచ్చును గాని, కళ్లములో తూర్పారబట్టుటకు చేట కావలెను గదా! స్పీకరులోని గిన్నె ఆ చేటవంటిది. నేడు మనము వాడు స్పీకరు రూపమును, అనగా అయస్కాంతము నడుమ తీగచుట్ట కదలుచు కాగితపుగిన్నెను త్రోయు పద్ధతిని, అమెరికాలో రైస్, కెల్లాగ్ అను నిద్దఱు 1925లో తీర్చి ప్రకటించిరి. మూలసూత్రము నేటికిని అదియే. శ్రుతి ఒక స్థాయి దిగినపుడు అంతే బిగ్గఱగా వినబడవలెనన్నచో గిన్నె నాలుగింతల దూరము కదలవలెను. చిన్న పెట్టెకు మంద్రస్వరము అప్పగించినపుడు అది రొప్పుటకు కారణమిదే.

కావున కొనకముందు వేసికొనవలసిన మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లు?" అనునది కాదు. "మనవద్ద మంద్రమున పలుకు వాద్యమేది?" అనునది. హరికథకు ఫిడేలు, మృదంగము, చిడతలు. ఫిడేలుయొక్క మిక్కిలి దిగువ తీగ పాశ్చాత్యశ్రుతిలో 196 హెర్ట్జులు. మనవారు కొంత దించి పట్టినను బేసుపెట్టెకు అది యందదు. మృదంగములో తొప్పి యొకటే కొంచెము క్రిందికి దిగును. ఇక్కడ మన తెలుగుదేశపు గాలి పీల్చి పెరిగిన పెద్దవారి నొకరిని తలచుకొనవలెను. చిన్ననాట విశాఖపట్టణమున చదివిన చంద్రశేఖర వేంకట రామన్ గారు మన మృదంగ తబలాలను పరిశోధించి, కరణిపూత మహిమచేత ఆ చర్మమునుండి పుట్టు ఉపస్వరములు తీగవాద్యములందువలె శ్రుతిబద్ధములై యుండునని 1920లో నేచర్ అను పత్రికయందు ప్రకటించిరి. మృదంగపు నాదమాధుర్యము చాలవఱకు ఆ ఉపస్వరములయందే యున్నది. అవి చిన్న పెట్టెలలోనే చక్కగా పలుకును. కావున హరికథ, పురాణము, ఉపన్యాసము, ఇవి మాత్రమే జరుగు మందిరమునకు బేసుపెట్టె అక్కఱలేదని నిస్సంశయముగా చెప్పుచున్నాను. ఆ ధనముతో మంచి మైకు కొనుడు.

అట్లుగాక డోలకుయొక్క ఎడమవైపు, కీబోర్డుయొక్క క్రిందిమెట్లు, ఎవరైన యువకుడు తెచ్చు బేసుగిటారు, ఇవి యున్నచో అప్పుడు ఆలోచింపవచ్చును. బేసుగిటారులో దిగువ తీగ 41 హెర్ట్జులు. పది అంగుళముల పెట్టె దానిని తృప్తిగా పలుకజాలదు.

రెండవ సంగతి. హాఫ్‌మన్ అను అమెరికా స్పీకరునిపుణుని పేరిట ఒక నియమము ప్రసిద్ధమై యున్నది. దానిని ఇనుపకట్టు వంటి నియమమని యందురు. పెట్టె చిన్నదిగా నుండవలెను. మిక్కిలి మంద్రమున పలుకవలెను. కొద్ది విద్యుత్తుతో మిక్కిలి బిగ్గఱగా పలుకవలెను. ఈ మూడు వరములు కోరువానికి రెండే దొరకును, మూడవది పోవును. లెక్క చూడుడు. బిగ్గఱతనము తగ్గకుండ ఒక స్థాయి క్రిందికి దిగవలెనన్న పెట్టెలోని చోటు ఎనిమిదింతలు కావలెను. 60 హెర్ట్జులవఱకు పలుకు పెట్టెకు బదులు 40 వఱకు పలుకునది కోరినచో మూడింతలకు పైగా చోటు పెరుగవలెను. చిన్న పెట్టెలో అన్నియు సాధించితిమని చెప్పువారు ఎక్కువ విద్యుత్తు పోసి ఆ లోటును పూడ్చుచున్నారు. అది మోసము కాదు. నేటి చిన్న పెట్టెలన్నియు అట్లే పనిచేయును. కాని పోసిన విద్యుత్తులో అధికభాగము వేడియై పోవును. ఎండకాలపు పందిరిలో ఆ వేడి యెక్కడికి పోవలెనో అడుగవలెను. వెనుక లోహపు రెక్కలు గలవా, గాలి యాడుచున్నదా అని తడవి చూడుడు.

మా వంటి మందిరమునకు 40 హెర్ట్జుల క్రిందికి పోవలసిన పని లేదు. 45 లేక 50 వఱకు నిండుగా పలికిన చాలును. ఈ కోరికను కొంచెము తగ్గించుకొనుటవలన పెట్టె పరిమాణము, బరువు, వెల, అన్నియు తగ్గును. 12 అంగుళముల గిన్నెగల పెట్టె సామాన్యముగా 20 మొదలు 30 కిలోల బరువుండును; ఇద్దఱు ఎత్తి ఆటోలో పెట్టవచ్చును. పట్టికలో వ్రాసిన హెర్ట్జులను నమ్ముటకు ముందు ఒక మెలిక గమనింపుడు. ఒకడు ధ్వని 3 డెసిబెల్లులు తగ్గుచోటును చెప్పును. మఱియొకడు 10 డెసిబెల్లులు తగ్గుచోటును చెప్పి, తన పెట్టె మఱింత మంద్రమని చాటును. రెండు పట్టికలను ఒకే కొలతలో పోల్చవలెను.

వాట్ల సంగతి యింతకంటె చిత్రము. వాట్లు రెట్టింపైనచో పెరుగునది 3 డెసిబెల్లులే. శబ్దము రెట్టింపైనట్లు చెవికి తోచుటకు సుమారు 10 డెసిబెల్లులు, అనగా పదింతల వాట్లు కావలెను. కావున 500 వాట్ల పెట్టెకును 1,000 వాట్ల పెట్టెకును గల భేదము, మిగిలిన గుణములు సమానమైనపుడు, స్వల్పమే. అదిగాక అట్టమీద అచ్చువేయు సంఖ్య తఱచుగా క్షణకాలపు పరమావధి. ఎడతెగక ఇయ్యగల శక్తి అందు సగమో, పాతికయో యుండును. "నిలుకడగా ఎంత?" అని యడుగుడు. అంతకంటెను మేలైనది, మీటరు దూరమున గరిష్ఠముగా ఎన్ని డెసిబెల్లులు అని యడుగుట.

లోపలనే ఆంప్లిఫయరు గల పెట్టెను కొనుట యేల? విడిగా ఆంప్లిఫయరు కొన్నచో దానికిని గిన్నెకును జోడు కుదుర్చుట తెలిసినవాని పని. పల్లెలో నేడొకడు, రేపొకడు మీట త్రిప్పును, గిన్నె మాడును. జోడు కుదిర్చి అమ్ము పెట్టెలో, మితిమీరిన సంకేతమును అణచు కాపలా లోపలనే యుండును. దానికంటె ముఖ్యమైన యుపకార మొకటి కలదు. మిక్సరునుండి వచ్చు తీగ మొదట బేసుపెట్టెకు పోయి, అక్కడనుండి చిన్న పెట్టెలకు పోవునట్లు కట్టినచో, సుమారు 100 హెర్ట్జులకు దిగువ నున్నది బేసుపెట్టె యుంచుకొని, పైభాగమును మాత్రమే వానికి పంపును. ఇట్లు పంచు ఏర్పాటు కొన్ని పెట్టెలలో ఉండును, కొన్నిట నుండదు. వెనుకభాగమున చూపించుమని యడిగి తీరవలెను. అది యున్నచో చిన్న పెట్టెల గిన్నెలు డోలకుదెబ్బకు ఊగుట మాని, గొంతును నిర్మలముగా పలుకును. మంచి బేసుపెట్టె చేయు మేలు దానియందుకంటె చిన్న పెట్టెలయందే ఎక్కువ వినబడును. నాకీ సంగతి రెండవమాఱు కొన్నప్పుడు గాని తెలియలేదు.

పరీక్షకు పోవునపుడు మీ చిన్న పెట్టెలను, డోలకు వాయించువానిని, పాడువాని నొకనిని వెంట తీసికొనిపొండు. అంగడివాని సినిమాపాట వినకుడు. అది యే పెట్టెలోనైనను గొప్పగా నుండునట్లు ఏఱి పెట్టిన పాట. మీ వాడు పాడుచుండగా బేసుపెట్టెను ఆపించుడు. ఆపినపుడు ఏదో లోపించెనని తోచి, నడచునపుడు మాత్రము అదియున్నట్లే తెలియకుండినచో అది మీ పెట్టె. పిదప ధ్వనిపక్షము మార్చు చిన్న మీట వెనుక నుండును. దానిని అటునిటు త్రిప్పించి, ఏవైపున డోలకు నిండుగా వినబడునో ఆవైపుననే ఉంచవలెను. మెటికలతో పెట్టె ప్రక్కను కొట్టి చూడుడు. కుండ కొనునపుడు ఖంగున మ్రోగవలెను, బేసుపెట్టె మ్రోగకూడదు. మందమైన ప్లైవుడ్డు మూగగా పలుకును. పలుచని పలక తానొక వాద్యమగును.

తెచ్చినపిమ్మట ఉంచుచోటు. నేలమీద, గోడకు దగ్గఱగా నుంచినచో గోడ తోడై అదే విద్యుత్తుకు ఎక్కువ ధ్వని వచ్చును. చెక్కవేదికమీద నుంచరాదు, వేదిక యదరి, ఆ యదురు మైకులలోనికి ఎక్కి హోరు పుట్టును. ఇటొకటి, అటొకటి యని రెండు కొనుట చూపునకు అందమే గాని, రెండు మంద్రధ్వనులు ఒకచోట కలిసి, ఒకచోట చంపుకొని, పందిరిలో చాళ్లు చాళ్లుగా నేర్పడును. మధ్య కూర్చున్నవానికి గుండె యదరును, ప్రక్కవానికి ఏమియు వినబడదు. చిన్న కూటమునకు ఒక్కటే చాలును. గొంతుమైకుల సంకేతమును దానికి పోనీయక, డోలకు కీబోర్డులను మాత్రమే పంపు ఏర్పాటు మిక్సరులో నున్నచో మఱియు మంచిది. లేనిచో గొంతుమైకులకు మిక్సరులో దిగువధ్వనిని కోయు మీటనైన నొక్కియుంచవలెను.

విద్యుత్తు విషయమున వేడుకలు పనికిరావు. హోరు వచ్చుచున్నదని మూడుసూదుల ప్లగ్గులో మూడవసూదిని విఱుచుట పల్లెలలో నేను చూచితిని. అది భూమికి పోవు దారి. లోపల తీగ తెగి పెట్టెకు తగిలినపుడు, ఆ దారి లేకుండిన, మైకు పట్టుకొన్న పసివాని దేహమే దారియగును. హోరునకు మందు వేఱు: మిక్సరును, పెట్టెలను ఒకే చోటినుండి, ఒకే ఫేజునుండి కలుపుట, మంచి మూడుకాళ్ల మైకుతీగలు వాడుట. వోల్టేజి పడిపోవు నూళ్లవారు, ఏ వోల్టేజివఱకు పెట్టె పనిచేయునో వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను. కొన్ని 100 మొదలు 240 వఱకు తట్టుకొనును, కొన్ని తట్టుకొనవు.

ఇక పొరుగువారి సంగతి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము మైకుసెట్టు వాడుటకు అధికారులనుండి వ్రాతమూలమైన అనుమతి కావలెను. రాత్రి 10 గంటలనుండి తెల్లవాఱి 6 గంటలవఱకు బయట వాడరాదు. పండుగలకు సంవత్సరమున 15 దినములు మించకుండ అర్ధరాత్రివఱకు సడలింప ప్రభుత్వమునకు అధికారము కలదు. నివాసప్రాంతమునకు పగటిమితి 55 డెసిబెల్లులు, రాత్రిమితి 45. ఆసుపత్రులకు, బడులకు, న్యాయస్థానములకు నూఱు మీటర్లలోపల మితి మఱియు తక్కువ. అయితే చట్టపు కొలత మన చెవివలె మంద్రమును తక్కువగా లెక్కించును. 50 హెర్ట్జులయొద్ద ఆ తగ్గింపు 30 డెసిబెల్లులు. అనగా 90 డెసిబెల్లుల మంద్రధ్వనిని కొలయంత్రము 60 అని చూపును. యంత్రము సరే యనవచ్చును గాని మూడవయింటి మంచము కదలుచునే యుండును. పైస్వరములను గోడ యాపును; మంద్రస్వరమును ఆపదు. కావున మేము యంత్రమును నమ్ముట మాని, భజన మొదలైన పది నిమిషములకు ఒక కుఱ్ఱవానిని ఆ పెద్దమ్మగారి యింటికి పంపుచున్నాము. ఆమె వలదన్నచో ఒక గీటు తగ్గింతుము. ఇంతవఱకు రెండుమాఱులు తగ్గించితిమి. ఒకమాఱు ఆమె, "ఏమి నాయనా, ఈనాడు డోలకు వినబడదేమి?" అని యడిగినది.

ఇప్పుడు మావద్ద 12 అంగుళముల పెట్టె యున్నది. ఇద్దఱు కుఱ్ఱవాండ్రు దానిని తెచ్చి, చిన్న పెట్టెలలో నొకదానిని దానిమీదనే కఱ్ఱ నాటి నిలుపుదురు. హరికథనాడు దాని మీట నొక్కము. దాసుగారు వచ్చినపుడు అది చక్కని పీటగా నుపయోగించుచున్నది. వారు కండువా దానిమీదనే పెట్టుదురు.

పెద్దపెట్టె యింకను చావడిలోనే యున్నది. కొనదలచినవారు శ్రోతలలో ఎవరైన నుందురేమో యని నాకు ఆశ కలదు గాని, రేడియోలో బేరములు చెప్పగూడదట. సెలవు.